హార్డ్ డిస్క్‌లోంచి లైవ్ డెబియన్: ఐదు నెలలు వాడాక నా అభిప్రాయం

రాత్రి పదిన్నర దాటాక మా ఇంట్లో వినపడే శబ్దం ఒక్కటే, నా డీవీడీ డ్రైవ్ తిరిగే శబ్దం. ఫైల్ మెనూ మీద నొక్కగానే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత డిస్క్ ఝుమ్మని లేస్తుంది, టిక్కు టిక్కుమంటూ లెన్స్ అటూ ఇటూ జరుగుతుంది, అప్పుడు మెనూ తెరుచుకుంటుంది. కాసేపు ఏమీ ముట్టుకోకుండా ప్రూఫు చదువుతూ కూర్చుంటే డిస్క్ తిరగడం ఆగిపోతుంది. మళ్ళీ ఏదైనా నొక్కితే మొదటి నుంచీ అదే తంతు. రెండేళ్ళు ఇలాగే పని చేశాను.

ల్యాప్‌టాప్ మా అక్కది. అందులో విండోస్, అక్క ఆఫీసు ఫైళ్ళు, తనకు వీలుగా పెట్టుకున్న ఏర్పాట్లు అన్నీ ఉన్నాయి. నాకు అది కావలసింది రాత్రిపూట రెండు మూడు గంటలు. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. లిబర్ ఆఫీస్, పీడీఎఫ్ చూసే ప్రోగ్రాం, తెలుగు కీబోర్డు, ఇంటర్నెట్ ఉంటే చాలు. అక్క విండోస్‌లో నేను వేలు పెట్టడం ఇద్దరికీ ఇష్టం లేదు. అందుకే లైవ్ డీవీడీ పట్టుకున్నాను. డిస్క్ పెట్టి ఆన్ చేస్తే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే, డెబియన్ అనే లినక్స్ సిస్టం వస్తుంది. ఆపి డిస్క్ తీసేస్తే, ల్యాప్‌టాప్ అక్క చేతి నుంచి ఎలా తీసుకున్నానో అలాగే ఉంటుంది. ఈ ఒక్క గుణం కోసం ఆ నత్తనడకనీ, రొదనీ ఓర్చుకున్నాను.

ఐదు నెలల కిందట డ్రైవ్ మొరాయించడం మొదలుపెట్టింది. మూడుసార్లు పెడితే ఒకసారి చదివేది. డ్రైవ్ మార్చే బదులు అదే డెబియన్‌ను, అదే ఐఎస్ఓ ఫైలును (డీవీడీలోని మొత్తం ఒకే ఫైలుగా ఉండే రూపం), హార్డ్ డిస్క్‌లో ఒక మూల పెట్టి అక్కణ్ణించే లైవ్‌గా నడపడం మొదలుపెట్టాను. ఇన్‌స్టాల్ చేయలేదు, ఫైలును విప్పనైనా లేదు. డౌన్‌లోడ్ అయిన ఫైలు ఎలా ఉందో అలాగే ఉంది, కంప్యూటర్ దాన్నే డీవీడీ అనుకుని లేస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ కడిగిన పలకలా రావడమనే గుణం డిస్క్ వల్ల వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. డిస్క్ పోయాక కూడా ఆ గుణం అలాగే ఉంది. పోయింది ఆలస్యం మాత్రమే.

ముందు యంత్రం సంగతి చెప్తాను, లేకపోతే నేను చెప్పే సమయాలకు అర్థం ఉండదు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నిమిషానికి 5400 సార్లు తిరిగే పాత రకం డిస్కే, ఎస్ఎస్‌డీ కాదు. నేను వాడింది డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న లైవ్ ఐఎస్ఓ. ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కొక్కటి మూడేసి సార్లు చూశాను. డీవీడీ నుంచి డెస్క్‌టాప్ రావడానికి మూడున్నర నిమిషాలు అటూ ఇటుగా పట్టేది. హార్డ్ డిస్క్ నుంచి నిమిషంలోపే వస్తోంది. లిబర్ ఆఫీస్ రైటర్ మొదటిసారి తెరుచుకోవడానికి డీవీడీలో నలభై అయిదు సెకన్లు, ఇప్పుడు పది, పన్నెండు. మొదటి వారంలో ఒక రాత్రి అక్క గది తలుపు తీసి చూసింది. శబ్దం లేకపోయేసరికి నేను లైటు వేసుకునే నిద్రపోయాననుకుందట.

ఇంత తేడా ఎందుకో తెలుసుకుంటే ఏం ఆశించాలో కూడా తెలుస్తుంది. డీవీడీ ఒక ఎక్స్ వేగం అంటే సెకనుకు 1.385 ఎంబీ. 8 ఎక్స్ అంటే 11 ఎంబీ. ఆ లెక్క చూసి 3 జీబీ ఫైలుకు అది మరీ అంత తక్కువేం కాదు కదా అనిపిస్తుంది. కానీ అది ఒకే వరసలో చదువుకుంటూ పోతే వచ్చే వేగం, అదీ డిస్క్ అంచు దగ్గర. ప్రోగ్రాం తెరిచినప్పుడు కావలసినవి వందల చిన్న చిన్న ఫైళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో చోట ఉంటాయి. లెన్స్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిగి కుదురుకోవడానికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. హార్డ్ డిస్క్‌లో అదే పని సెకనులో నూరో వంతు, కొంచెం అటూ ఇటూ. వందల సార్లు వెతకాలంటే ఈ తేడాయే నిమిషాలుగా పెరుగుతుంది. పైగా డీవీడీ డ్రైవ్ నిద్రపోయి లేచే ఆలస్యం వేరే. గోరుచుట్టు మీద రోకటి పోటు.

లైవ్ సిస్టం లోపల ఏం జరుగుతుందో నా పని భాషలో చెప్తే నాకే బాగా అర్థమైంది. ఐఎస్ఓ లోపల స్క్వాష్ఎఫ్ఎస్ అనే ఒక పెద్ద ముద్ద ఉంటుంది. సిస్టం మొత్తాన్నీ కుదించి కట్టిన మూట అది, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదు. అచ్చయిపోయిన పేజీ అనుకోండి. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచినట్టు ర్యామ్‌లో ఇంకో పొర ఉంటుంది. మనం చేసే మార్పులన్నీ ఆ కాగితం మీదే పడతాయి. పై నుంచి చూస్తే రెండూ కలిసి ఒకే పేజీలా కనిపిస్తాయి. అచ్చులో ఉన్న ఫైలును తీసేస్తే నిజానికి అది పోదు, ఇది లేనట్టే లెక్క అని పై కాగితం మీద ఒక గుర్తు పడుతుంది, అంతే. ఆపేయగానే ట్రేసింగ్ కాగితం చిరిగిపోతుంది, అచ్చు పేజీ మాత్రం చెక్కుచెదరదు. రెండు పొరలనూ కలిపి చూపించే ఈ పనిని ఓవర్‌లే ఎఫ్ఎస్ అంటారు. 2014 డిసెంబర్‌లో వచ్చిన 3.18 వెర్షన్ నుంచీ అది లినక్స్ కర్నెల్‌లోనే, అంటే సిస్టం గుండెకాయలోనే, భాగం. అచ్చు పేజీ డీవీడీ మీద ఉన్నా, హార్డ్ డిస్క్‌లో ఫైలుగా ఉన్నా ఈ ఏర్పాటులో ఏ మార్పూ లేదు. ఆ మాట అర్థమైన రోజునే నాకు డీవీడీ మీద మమకారం పోయింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. క్లౌస్ క్నోపర్ 2000లో విడుదల చేసిన క్నాపిక్స్ లైవ్ సీడీని చాలామందికి పరిచయం చేసింది. 700 ఎంబీ సీడీలో దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్ కుదించి పెట్టేవారు. సీడీని హార్డ్ డిస్క్‌కు కాపీ చేసుకుని అక్కణ్ణించి నడుపుకోవడానికి 'టు హెచ్‌డీ', 'ఫ్రం హెచ్‌డీ' అనే రెండు మాటలు అందులో అప్పట్లోనే ఉండేవి. బూట్ అయ్యేటప్పుడు ఆ మాట టైప్ చేస్తే చాలు.

ఇక నేను ఎలా పెట్టుకున్నానో చెప్తాను. ఇక్కడే రెండు రాత్రులు పోయాయి, మీకు పోకూడదు.

అక్కని 20 జీబీ అడిగాను. ముందు తన ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయించి, తర్వాతే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో పార్టిషన్ తగ్గించాం. ఆ 20 జీబీని మూడు ముక్కలు చేశాను. ఐఎస్ఓలకు 8 జీబీ, మార్పులు దాచుకోవడానికి 6, నా ప్రూఫు ఫైళ్ళకు 6. మొదటి ముక్కలో గ్రబ్ బూట్ లోడర్ (ఆన్ చేయగానే మెనూ చూపించి సిస్టంను లేపే ప్రోగ్రాం) ఫైళ్ళూ, ఐఎస్ఓ పెట్టాను. బూట్ వరసలో విండోస్‌నే ముందుంచాను. అక్క మామూలుగా ఆన్ చేస్తే ఎప్పటిలాగే తన విండోస్ వస్తుంది. నేను బూట్ మెనూ కీ నొక్కి డెబియన్ ఎంచుకుంటాను. ఇంట్లో గొడవ రాకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి.

గ్రబ్‌లో లూప్‌బ్యాక్ అనే ఆదేశం ఉంది. ఐఎస్ఓ ఫైలును చూపించి ఇదొక డిస్క్ అనుకో అంటే, గ్రబ్ దాని లోపలికి వెళ్ళి కర్నెల్‌నీ, ఇనిట్‌ఆర్‌డీ అనే చిన్న తొలి సిస్టంనీ తీసుకుని ర్యామ్‌లో పెట్టి నడిపిస్తుంది. నేను మెనూ రాసి రీబూట్ చేశాను. కర్నెల్ లేచింది, అక్షరాలు వరసగా పారాయి, హమ్మయ్య అనుకునేలోపు ఆగిపోయి తెర మీద ఒక వాక్యం మిగిలింది. లైవ్ ఫైల్ సిస్టం ఉన్న మాధ్యమం ఏదీ దొరకలేదని దాని సారాంశం. తర్వాత ఒట్టి నల్ల తెర, మెరిసే కర్సర్.

దీని వెనక కారణం చాలామంది చెప్పరు. ఐఎస్ఓను వెతకడం రెండుసార్లు జరుగుతుంది. మొదటిసారి వెతికేది గ్రబ్. గ్రబ్ పని కర్నెల్‌కు పగ్గాలు ఇచ్చేంత వరకే. కర్నెల్ లేచాక గ్రబ్ చూపించిన ఆ లూప్‌బ్యాక్ డిస్క్ సంగతి దానికి బొత్తిగా తెలియదు. ఇనిట్‌ఆర్‌డీ మళ్ళీ కొత్తగా డిస్కులన్నీ గాలించి ఐఎస్ఓను కనుక్కోవాలి. అది ఎక్కడుందో బూట్ లైనులో, అంటే మెనూలో కర్నెల్ పేరు పక్కన రాసే మాటల్లో, మనమే చెప్పాలి. డెబియన్‌లో దానికి వాడే మాట 'ఫైండ్ ఐఎస్ఓ'. ఉబుంటు, మింట్ అనే వేరే లినక్స్‌లు వాడేవాళ్ళకు 'ఐఎస్ఓ స్కాన్ ఫైల్‌నేమ్'. ఆర్చ్‌లో 'ఐఎంజీ డెవ్', 'ఐఎంజీ లూప్' అని రెండు. ఒకరి మెనూ ఇంకొకరికి అతకదు. ఉబుంటు కోసం రాసినది తెచ్చి డెబియన్‌కు పెడితే నాకు వచ్చినట్టే నల్ల తెర వస్తుంది.

నేను ఆ మాట పెట్టాను కూడా. అయినా రాలేదు. రెండో రాత్రి ఒంటిగంటకు ఆ లైను కాగితం మీద రాసుకుని, ప్రూఫు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివితే దొరికింది. గ్రబ్ లైనులో ఫోల్డర్ పేరు చిన్న అక్షరాలతో ఉంది. ఫైండ్ ఐఎస్ఓ దగ్గర మొదటి అక్షరం పెద్దది పడింది. విండోస్ ఇలాంటివి పట్టించుకోదు, లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫోల్డర్లు. దిద్ది రీబూట్ చేస్తే నిమిషం తిరక్కుండా డెస్క్‌టాప్ వచ్చింది. ఇంకొకటి, కర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్ళ పేర్లు ఐఎస్ఓను బట్టి మారుతుంటాయి. మెనూ రాసే ముందు ఐఎస్ఓ తెరిచి లోపల వాటి పేర్లు ఎలా ఉన్నాయో కళ్ళతో చూసుకోండి.

మూడో రోజు పొద్దున అక్క కేక వేసింది.

"ఏమే, కొత్తగా ఏదో డ్రైవ్ కనిపిస్తోంది. నొక్కితే ఫార్మాట్ చేయమంటోంది. చేసేయనా?"

"వద్దక్కా, ముట్టుకోకు, వస్తున్నా!"

గుండె ఝల్లుమంది. జరిగింది ఏమిటంటే, మొదటి ముక్కను విండోస్‌లో ఉన్నప్పుడే చేసి, తర్వాత లైవ్ డీవీడీలో దాన్ని లినక్స్ వాడే ఎక్స్‌ట్ 4గా ఫార్మాట్ చేశాను. లోపలిది మారింది కానీ పార్టిషన్ పట్టికలో దాని రకం విండోస్ డేటా అనే ఉండిపోయింది. విండోస్ దానికి డ్రైవ్ అక్షరం ఇచ్చి, లోపలిది చదవలేక ఫార్మాట్ చేయాలంటోంది. ఎవరైనా సరే అనేస్తే ఐఎస్ఓ, మెనూ అన్నీ గల్లంతు. పార్టిషన్ రకాన్ని లినక్స్ అని మార్చాక విండోస్‌కు అది కనపడటం మానేసింది. ఈ పద్ధతిలో నాకు నిజంగా భయం వేసిన చోటు ఇదొక్కటే. మరొకరితో కలిసి వాడే కంప్యూటర్ అయితే మొట్టమొదట ఇది చూసుకోండి.

ఇప్పుడు అసలు లాభానికి వస్తాను. వేగం కన్నా నాకు ఇది ఎక్కువ.

డీవీడీ రోజుల్లో ప్రతి రాత్రీ ఎక్కడి గొంగళి అక్కడే. వైఫై పాస్‌వర్డ్ కొట్టాలి, టైమ్ జోన్ మార్చాలి, తెలుగు కీబోర్డు పెట్టాలి, నాకు అలవాటైన ఫాంట్లు మళ్ళీ తెచ్చుకోవాలి. పని మొదలయ్యేసరికి పావుగంట పోయేది. డీవీడీ మీద ఒక్క అక్షరం రాయలేం కాబట్టి అదంతే అనుకున్నాను. హార్డ్ డిస్క్‌కు వచ్చాక రెండు దారులు దొరికాయి.

మొదటిది బూట్ లైనే. డెబియన్ లైవ్‌లో టైమ్ జోన్, భాష, కీబోర్డు ఏవి కావాలో బూట్ లైనులోనే చెప్పవచ్చు. డీవీడీతో అయితే ప్రతిసారీ ఆ లైను తెరిచి చేత్తో కొట్టాలి. ఇప్పుడు మెనూ ఫైలు నా చేతిలో ఉంది, ఒకసారి రాసి పెట్టాను. ఐఎస్ఓలో అక్షరం మారలేదు, సిస్టం పూర్తిగా కొత్తదే, అయినా గడియారం సరిగ్గా ఉంటుంది, కీబోర్డు నాకు కావలసిన వరసలో ఉంటుంది. ఇంత చిన్న విషయం ఇంత హాయి ఇస్తుందని నేను అనుకోలేదు.

రెండోది పర్సిస్టెన్స్. ట్రేసింగ్ కాగితాన్ని ర్యామ్‌లో కాకుండా డిస్క్ మీద ఒక పార్టిషన్‌లో పెట్టడం, అంటే ఆపేసినా ఆ కాగితం చిరగదు. దానికి మూడు కావాలి. పార్టిషన్ లేబుల్ కచ్చితంగా పర్సిస్టెన్స్ అనే ఉండాలి. అందులో అదే పేరుతో కాన్ఫ్ ఫైలు ఒకటి ఉండాలి, దానిలో రూట్ గుర్తు (/), పక్కన యూనియన్ అనే మాట, ఒకే ఒక్క లైను. బూట్ లైనులో కూడా ఆ పర్సిస్టెన్స్ మాట ఉండాలి. నేను లేబుల్ పెట్టాను, బూట్ లైనులో మాట పెట్టాను, కాన్ఫ్ ఫైలు మాత్రం మరిచిపోయాను. సిస్టం ఏ ఫిర్యాదూ చేయకుండా మామూలుగా లేచింది. అన్నీ దాచుకుంటోందనే నమ్మకంతో ఆ రాత్రి నలభై పేజీలు దిద్ది డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసి ఆపేశాను. పొద్దున చూస్తే ఏమీ లేదు. నలభై పేజీలూ మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదివాను. అందుకే చెప్తున్నాను, పర్సిస్టెన్స్ పెట్టిన రోజు ముందు ఒక ఖాళీ ఫైలు సేవ్ చేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి అది ఉందో లేదో చూశాకే పని మొదలుపెట్టండి. నా పని ఫైళ్ళను ఇప్పుడు మూడో ముక్కలోనే పెడుతున్నాను, పర్సిస్టెన్స్‌ను సెట్టింగులకే వాడుతున్నాను.

ఇప్పుడు నా మెనూలో రెండు వరసలు ఉంటాయి. రెండూ ఒకే ఐఎస్ఓవి. ఒకటి 'కొత్తది', రెండోది 'గుర్తుంచుకునేది'. రోజూ పనికి రెండోది. ఎవరి దగ్గర్నుంచో వచ్చిన, నమ్మకం లేని ఫైలు తెరవాల్సి వచ్చినప్పుడు మొదటిది. అక్క కూడా బ్యాంకు పని ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ నా దగ్గరికి తెచ్చి "నీ కొత్తది పెట్టవే" అంటోంది. బ్రౌజర్‌లో పాత కుకీ ఒక్కటి లేదు, తను లాగౌట్ అయి ఆపేశాక మిగిలేదీ ఏమీ లేదు. ఇన్‌స్టాల్ చేసిన సిస్టం ఈ రెండూ ఒకేచోట ఇంత సులువుగా ఇవ్వలేదు.

పర్సిస్టెన్స్‌కు ఒక హద్దు ఉంది. అందులో సిస్టం మొత్తాన్నీ అప్‌గ్రేడ్ చేయకండి. బూట్ అయ్యే కర్నెల్ ఐఎస్ఓలోనిది. మీరు కొత్త కర్నెల్ దించుకున్నా అది డిస్క్ మీద కూర్చుంటుంది తప్ప నడవదు. పైగా అచ్చు పేజీలో ఉన్న ఏ ఫైలు మారినా దాని పూర్తి నకలు పై కాగితం మీద పడుతుంది, కింది పాతది అలాగే ఉంటుంది. నేను ఒకసారి అన్నీ అప్‌డేట్ చేస్తే నా 6 జీబీలో సగం ఇట్టే నిండిపోయింది. బ్రౌజర్ ఒక్కటి అప్‌డేట్ చేస్తాను, మిగతావాటికి కొత్త ఐఎస్ఓ తెచ్చుకుంటాను.

కొత్త ఐఎస్ఓ తెచ్చుకోవడమే హార్డ్ డిస్క్ పద్ధతిలో మరో సుఖం. ఇంతకుముందు కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక ఖాళీ డీవీడీ బలి. రైట్ చేసేటప్పుడు మధ్యలో తప్పు పడితే ఇంకొకటి. ఇప్పుడు ఫైలు దించి, చెక్‌సమ్ (ఫైలు పాడవలేదని తేల్చే సంఖ్య) సరిచూసి, ఫోల్డర్‌లో పెట్టి మెనూలో ఒక వరస చేర్చడమే. చెక్‌సమ్ మాత్రం మానకండి. దించేటప్పుడు ఎక్కడో ఒక ముక్క పాడైతే బూట్ బాగానే అయి, ఏదో ఒక ప్రోగ్రాం తెరిచినప్పుడు చిత్రమైన తప్పులు వస్తాయి, కారణం కనుక్కోవడం ప్రాణాంతకం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను ఇలాగే 12 పక్కన పెట్టి చూశాను. ప్రింటర్, వైఫై, తెలుగు అక్షరాలు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక వారం పరీక్షించుకోవచ్చు, అంతవరకూ పాతదీ ఉంటుంది. 12 కోసం చేసిన పర్సిస్టెన్స్‌ను 13కి మాత్రం తగిలించకూడదు, కింది అచ్చు మారితే పై కాగితం మీది దిద్దుబాట్లు అతకవు.

మధ్యలో పప్పీ లినక్స్‌ను కూడా రెండు వారాలు ఇలాగే నడిపాను. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టినది. హార్డ్ డిస్క్‌లోంచి లైవ్‌గా నడవడానికి అందులో ముందే చోటుంది, దాన్ని ఫ్రూగల్ ఇన్‌స్టాల్ అంటారు. ఒక ఫోల్డర్‌లో నాలుగైదు ఫైళ్ళు పెడితే సరి. నేను వాడిన ఫోసాపప్ 400 ఎంబీ పైచిలుకే. అందుకని మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది, ఆ తర్వాత మెనూ మీద వేలు పెట్టడమే ఆలస్యం. ఈ పాత యంత్రం మీద అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఉంచుకోలేదు. దాదాపు అన్నీ రూట్ యూజర్‌గానే, అంటే సిస్టంలో ఏదైనా మార్చగల సర్వాధికారాలతోనే, నడవడం నాకు నచ్చలేదు. అంతకన్నా పెద్ద అడ్డంకి సెక్యూర్ బూట్, సంతకం లేని సిస్టంను లేవనివ్వని ఏర్పాటు. డెబియన్ కర్నెల్‌కు సంతకం ఉంది, గ్రబ్ దాన్ని అడ్డుకోదు. పప్పీ కర్నెల్‌ను నా గ్రబ్ రానివ్వలేదు, సెక్యూర్ బూట్ ఆపాల్సి వచ్చింది. అక్క ఆఫీసు పని చేసే యంత్రంలో దాన్ని ఎప్పటికీ ఆపి ఉంచడం సబబు కాదనిపించింది. మీ యంత్రం మీ ఒక్కరిదే అయితే, ర్యామ్ తక్కువైతే, ముందు పప్పీనే ప్రయత్నించమంటాను.

లోటుపాట్లు రెండు చెప్పాలి. ఒకటి, ఐఎస్ఓ ఉన్న పార్టిషన్‌ను సిస్టం పట్టుకుని ఉంటుంది. పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ ప్రోగ్రాం తెరిస్తే దాని పక్కన తాళం బొమ్మ కనిపిస్తుంది. ఆ పార్టిషన్‌ను పెంచాలన్నా తగ్గించాలన్నా కుదరదు, కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అవుతుంది. డీవీడీ నుంచి లేచినప్పుడు హార్డ్ డిస్క్ మొత్తం ఏ తాళం లేకుండా మన చేతిలో ఉండేది. సిస్టంను పూర్తిగా ర్యామ్‌లోకి ఎక్కించమనే 'టు ర్యామ్' మాట ఉంది కానీ, 4 జీబీ ర్యామ్‌లో 3 జీబీ దానికే పోతే పని చేయడానికి ఏం మిగలదు.

రెండోది ఇంకా ముఖ్యం. హార్డ్ డిస్క్ చెడిపోతే లైవ్ సిస్టం కూడా దానితోనే పోతుంది. డీవీడీ అయితే డిస్క్ మొత్తం పోయినా లేచి నిలబడేది, లోపలి ఫైళ్ళు ఏమైనా దక్కుతాయేమో చూసే వీలుండేది. పైగా రైట్ చేసిన డీవీడీని ఏ ప్రోగ్రామూ మార్చలేదు, హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైలుకు ఆ భరోసా లేదు. అందుకే అదే ఐఎస్ఓను ఒక పెన్ డ్రైవ్‌లో రాసి బల్ల సొరుగులో పెట్టాను. దాన్ని రోజువారీ పనికి వాడను. మరి రోజూ పెన్ డ్రైవే వాడొచ్చు కదా అంటారేమో. కొన్నాళ్ళు వాడి చూశాను. చదవడం బాగానే ఉంటుంది. పర్సిస్టెన్స్ పెట్టగానే బ్రౌజర్ చేసే చిన్న చిన్న రాతలకు మామూలు పెన్ డ్రైవ్ ఆయాసపడుతుంది, తెర క్షణక్షణం బిగుసుకుపోతుంది. ఈ పాత హార్డ్ డిస్క్ కూడా ఆ పనిలో దానికన్నా నయం. యంత్రాలు మారుస్తూ తిరిగేవాళ్ళకు పెన్ డ్రైవ్, ఒకే యంత్రం ముందు కూర్చునేవాళ్ళకు హార్డ్ డిస్క్.

డీవీడీ డ్రైవ్ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, ఐదు నెలలుగా దాని ట్రే తెరవలేదు. ఈ మధ్య వెనక మూత తీసి దుమ్ము తుడిచినప్పుడు రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉండటం చూశాను. ఇంకో 4 జీబీ వేస్తే డెబియన్‌ను కూడా 'టు ర్యామ్'తో పూర్తిగా పైకి ఎక్కించవచ్చు. అక్కని అడిగితే, తన విండోస్ కూడా తేలికపడుతుంది కదా, వేయించవే అంది.